మిషనత్త బుట్టచేతులు

పోయిన మంగళవారం మలేసియాలో, మా సుంగై పెటానిలో మా మిషనత్త పోయింది. పక్కింటావిడ. నలభై ఏళ్లు మా వీధి ఆడవాళ్లకు జాకెట్లు కుట్టింది. కబురొచ్చినప్పుడు నేను ఎవరితోనో వాదిస్తున్నాను. ఫోను పెట్టేశాక దేనిగురించో గుర్తు రాలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లకు నా నోరు తెలుసు. రెండేళ్ల కిందట ఇక్కడే రాశాను: మా తెలుగు సంఘం వేదిక మీద ‘మన సనాతన కట్టు’ అని ఊరేగిస్తున్న బుట్టచేతుల జాకెట్టు పందొమ్మిదో శతాబ్దపు తెల్లదొరసానుల ఫ్యాషను అని. చేతులు గుమ్మడికాయల్లా ఉబ్బించుకుని, నడుము ఊపిరాడకుండా బిగించుకున్నవాళ్ల ముచ్చట అని. ఆ కట్టు సనాతనం కాదన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ అంతటితో ఆగానా? ‘ఆ బానిస గుర్తును ఇంకా కుట్టిపెడుతున్న చేతులున్నాయి’ అని కూడా రాశాను. ఎవరి చేతులో వీధంతటికీ తెలుసు.

ఆమెకు చదువు రాదు. కూతురిచేత చదివించుకుని, మర్నాడు గోడ మీంచి పిలిచింది.

“ఏటే, నావి బానిస సేతులా?”

“నిన్ను కాదత్తా, ఆ ఫ్యాషన్ని అన్నాను.”

“మన ఈదిలో మిషను ఇంకెవులికుంది లా?” అంది, ఇక్కడి మలయా ‘లా’ తగిలించి. “రా, లోపలికి రా. సెయ్యెత్తు.”

ఎత్తాను. షాపులో కొన్న జాకెట్టు చంక దగ్గర పటుక్కుమంది. ఆమె నవ్వి నవ్వి కత్తెర కింద పెట్టేసింది.

“మాయమ్మమ్మ రబ్బరు ఎస్టేటు బంగళాలో బట్టలుతికింది. దొరసాని వాళ్లమ్మ నాటి కవును పెట్టెలోంచి తీసి ఎండకేసినారంట. ఎవులూ లేకుండా సూసి మా ముసిల్ది తొడిగేసింది! సెయ్యి బుజం దాటి లెగలేదంట. దొరసానికి లెగాల్సిన పనేటుంది? మాయమ్మమ్మ ఉతుకుడు కాక, పాల కోసం రబ్బరు సెట్టుకి ఎత్తుమీద గాటెయ్యాల. అందుకని కుచ్చులు తీసుకుంది, బిగుతు వదిలేసింది. బంగళాలోంచి మనోళ్లు తెచ్చుకున్నాది అదొక్కటే. అదీ వద్దంటావేటి?”

ఎవరికైనా కొలత తీసే ముందు ఆమె అడిగే ప్రశ్న అప్పుడు నాకు అర్థమైంది: “ఏటి పని సేస్తావు?” ఫ్యాక్టరీలో పై అరల నుంచి పెట్టెలు దించే పిల్లకు ఒక కోత, కుర్చీలో కూర్చునే నాకు ఇంకొకటి. ఫ్యాషను గురించి నేను చదివిన ఏ పుస్తకమూ ఆ ప్రశ్న వేయలేదు.

“తప్పు దిద్ది రాస్తానత్తా,” అన్నాను.

రాయలేదు. ముందు ఎన్నికలొచ్చాయి, తర్వాత ఇంకో తగువు. పత్రిక వచ్చిన ప్రతిసారీ గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునే అడిగేది, “ఈ నెల ఉందేటే?” కొన్ని నెలలకు అడగడం మానేసింది. నా మీద కోపం తెచ్చుకోలేదు, జాకెట్లు కుట్టడమూ ఆపలేదు. కోపమే తెచ్చుకుని ఉంటే నాకు తేలికయ్యేది.

కాబట్టి ఆలస్యంగా రాస్తున్నాను: ఆ వాక్యం తప్పు. అవి బానిస చేతులు కావు. దొరసాని గౌనును తిరగేసి చూసి, పనికొచ్చేది ఉంచుకుని, పనికిరానిది పారేసిన చేతులు. ఈ మాట ఇప్పుడు ఆమెకు ఎవరు చదివి వినిపిస్తారు?

అంత్యక్రియల రోజు పెద్ద వాన. ఇంటి ముందు కట్టిన టార్పాలిను నీటి బరువుకు కిందికి వేలాడింది. చీరల్లో వచ్చిన ఆడవాళ్లు పదిమంది లేచి, రెండు చేతులూ తలపైకి ఎత్తి దాన్ని నెట్టారు. ఆమె కుట్టిన జాకెట్లలో ఒక్క కుట్టూ పిగలలేదు. నీళ్లు అంచు మీంచి ఒక్కసారిగా వీధిలోకి దూకాయి.