స్వెటరు తొడిగిన ఇల్లు

ఇంటి ఓనరు అనిపించుకోవడంలో ఒక మత్తు ఉందని నాకు ఇరవైమూడో ఏట తెలిసింది. ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఏలూరులో అమ్మమ్మ కట్టించిన రెండు గదుల ఇల్లు అద్దెకిచ్చి ఉండేది. "దాని మంచిచెడ్డలు ఇకనుంచి నువ్వే చూసుకో" అని నాన్నగారు తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టారు. (ఆ గుత్తిలో ఒక్క చెవీ ఆ ఇంటి తలుపులకు పట్టదని తర్వాత తెలిసింది.) అద్దెకున్నది ఒక స్కూలు టీచరుగారు, ఆవిడ భర్త మాస్టారు. ఆయన రిటైరై, చర్చిలో పాటలు నేర్పేవారు. నాకంటే నలభై ఏళ్ళు పెద్దాయన నన్ను "ఓనరుగారండీ" అని పిలిస్తే నేను రెండంగుళాలు పొడుగయ్యేవాణ్ణి.

కార్తీకమాసంలో ఒక ఆదివారం వెళ్ళినప్పుడు టీచరుగారు కాఫీ ఇస్తూ, "చలొచ్చిందంటే ఈయనకి ఆయాసం ఎక్కువవుద్దండి, కొల్లేటి గాలి కదండీ" అన్నారు. మాటవరసకే అన్నారు. నేను మాత్రం వారంపాటు ఫోన్లో వీడియోలు చూశాను. అద్దె ఇంటిని చలికాలానికి ఎలా సిద్ధం చెయ్యాలో ఎవరో మంచుదేశపు పెద్దమనిషి శ్రద్ధగా చెబుతున్నాడు. నీటి గొట్టాలకు బట్ట చుట్టాలట, గాలి దూరే సందులన్నీ మూసెయ్యాలట. ఏలూరులో గొట్టాలు గడ్డకట్టవు కదా అన్న అనుమానం నాకు రాకపోలేదు. జాగ్రత్త మంచిదేగా అని సర్దుకున్నాను. మరుసటి ఆదివారం గోనెపట్టాలు, పురికొస పట్టుకెళ్ళి డాబామీది గొట్టాలన్నిటికీ చుట్టాను. పక్కింటావిడ పిట్టగోడ దగ్గరకొచ్చి చాలాసేపు చూసి, "ఏవండీ, గొట్టానికి దెబ్బ తగిలిందాండీ?" అని అడిగింది. ఆ తర్వాత నిచ్చెన వేసి, వంటింటితో సహా వెంటిలేటర్లన్నీ ప్లాస్టిక్ షీటు, టేపు పెట్టి మూసేశాను. దిగేటప్పుడు మోకాలు గీసుకుపోయింది. టీచరుగారు పసుపు అద్దారు.

రెండు వారాల తర్వాత వెళితే, మాస్టారు మంకీ క్యాప్ పెట్టుకుని వసారాలో కూర్చున్నారు. మంచం వసారాలో, పుస్తకాలు వసారాలో, టీచరుగారి పొయ్యి కూడా వసారాలోనే. లోపల అంత వెచ్చగా చేసిపెడితే వీళ్ళు చలిలో ఎందుకుంటున్నారో నాకు బోధపడలేదు. "లోపల బాలేదాండీ?" అన్నాను. "అయ్యో, చాలా బాగుందండి. బయట కాస్త కాలక్షేపం" అన్నారాయన, దగ్గు ఆపుకుంటూ. దారి పొడుగునా బస్సులో అదే ఆలోచన.

డిసెంబరులో మాస్టారు క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి ఇంటికి రమ్మన్నారు. సాయంత్రం నాలుగింటికి ముందుగదిలో చర్చివాళ్ళు పాతికమంది ఉన్నారు. ఫాను గిర్రున తిరుగుతోంది, అందరి నుదుళ్ళమీదా చెమట. గోడలు చెమ్మగిల్లి, మూలల్లో నల్లగా బూజు పట్టి ఉంది. మాస్టారు హార్మోనియం ముందు కూర్చుని పల్లవి ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఆయన గొంతు ఆగిపోయింది. ఊపిరి కోసం నోరు తెరిచి, గుండెమీద చెయ్యి వేసుకున్నారు. ఇద్దరు పట్టుకుని వసారాలోకి నడిపించారు. అక్కడ నెమ్మదిగా తేరుకున్నారు. ఈ ఇంట్లో గాలి లేదని, లేకుండా చేసింది నేనేనని అప్పుడు వెలిగింది నాకు.

"మొదట్లోనే తీసేయమని చెప్పకపోయారాండీ" అన్నాను టీచరుగారితో.

"ఎలా చెప్తామండీ? మాకోసం అంత కష్టపడ్డారు. సొంత పిల్లలు కూడా అంత ఇదిగా చెయ్యరు. చలి తగ్గాక మేమే తీసేద్దాంలే అనుకున్నామండి."

స్టూలెక్కి షీట్లన్నీ పీకేశాను. చల్లటి గాలి గదిలోకి వచ్చింది. కాసేపటికి మాస్టారు లేచివచ్చి, "ఓనరుగారండీ, మీరూ ఒక చరణం పాడండి" అన్నారు. నాకు పాట రాదు. అయినా పాడాను. (ఆ చరణంలో అందరూ గట్టిగా పాడారు, నా గొంతు వినపడకూడదని కాబోలు.)

గోనెపట్టాలు మాత్రం వేసవిదాకా ఉన్నాయి. ఎండకి నీళ్ళు కాగిపోకుండా బాగున్నాయని టీచరుగారే ఉంచమన్నారు. ఇప్పుడు నేను ఎవరికైనా మేలు చెయ్యబోయే ముందు ఒకటికి రెండుసార్లు అడుగుతున్నాను. పొరపాట్లు తగ్గాయి. కానీ అడగకుండానే అంత ప్రేమగా, అంత తప్పుగా ఒకరికోసం వారంపాటు ఆలోచించిన ఆ కుర్రాడు ఎక్కడికి పోయాడా అని అప్పుడప్పుడు వెతుక్కుంటుంటాను.