పెన్ను చుక్క పెట్టిన మిరపకాయ

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ల్యాబ్‌లో ఏది చెడినా నా చెయ్యి తగిలే చెడిందని. (ఒకసారి కరెంటు పోతే, ఆగిపోయిన ఫ్యాన్‌కి సారీ చెప్పాను.) ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, అప్పుడు ఆ నమ్మకం నాలుగు వారాలపాటు నాకు అన్నం సహించనివ్వలేదు.

హైదరాబాద్‌లో మా పని ఇదీ. చిన్న చక్రం మీద ఒక ఎలకను ఉంచి, ఎదురుగా తెర మీద ఏటవాలు గీతలు చూపిస్తాం. దాని మెదడులో చూపు వ్యవహారం చూసే చోట వెంట్రుక కన్నా సన్నని తీగ ఒకటి ఉంటుంది. అక్కడి కణం స్పందించినప్పుడల్లా స్పీకర్‌లో ‘టక్’ మని వినిపిస్తుంది. అవే గీతలు, అదే ఎలక, అదే కణం. అయినా ఒకసారి పన్నెండు టక్కులు, ఇంకోసారి మూడు, మరోసారి అసలు ఉలుకూ పలుకూ లేదు. యంత్రాన్ని పాడు చేసేశానని తేల్చుకున్నాను. ఎవరికీ చెప్పకుండా వైర్లు మార్చాను, ఏసీ ఆపాను, పక్కవాళ్ళ ఫోన్ చార్జర్లు పీకేశాను. చివరికి బయటి కరెంటు అలజడి తగలకుండా చపాతీలు చుట్టే వెండి కాగితం తెచ్చి బల్లంతా చుట్టాను. టక్కుల తీరు మాత్రం మారలేదు. మా గైడుగారికి మేం పెట్టుకున్న పేరు గ్రాఫు సార్ (నమస్తే అన్నా ‘గ్రాఫేది?’ అనేవారు). సోమవారం ఆయనకు గ్రాఫు చూపించాలి. అది చూస్తే నన్ను ఇంటికి పంపేయడం ఖాయమనుకుని, ఆయనకు ఆ శ్రమ లేకుండా శనివారమే బస్సెక్కి మా ఊరు నకరికల్లు వచ్చేశాను.

మా పెద్దమ్మ కల్లంలో కూర్చుని ఎండు మిరపకాయల్లో తాలు ఏరుతోంది. (రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అంటాం.) “ఏందే, అట్టా వడిలిపోయావు?” అంది. అంతా చెప్పాను. “మిషన్ల సంగతి నాకేం తెలుసే, కూర్చుని ఏరు” అంది. కూర్చున్నాను గానీ నా బుద్ధి ఊరుకోలేదు. ఎరుపూ తెలుపూ కాని కాయ ఒకటి తీసుకుని, తొడిమకు పెన్నుతో చుక్క పెట్టి ఆమె ముందున్న కుప్పలో వేశాను. మంచికాయల్లోకి విసిరింది. తీసి మళ్ళీ కలిపాను. ఈసారి తాలులోకి పోయింది. పదిసార్లు కలిపితే ఆరుసార్లు మంచిది, నాలుగుసార్లు తాలు! పెద్దమ్మ ఏరిందంటే మళ్ళీ చూడక్కర్లేదని ఊళ్ళో పేరు.

పదకొండోసారి దొరికిపోయాను.

“ఏమే! నా చేతికే పరీక్ష పెడుతున్నావా?”

“ఒకే కాయ కదా పెద్దమ్మా, ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఎందుకేశావు?” అన్నాను భయపడుతూనే.

“ఒకసారి నడుం పట్టేసింది. ఒకసారి నువ్వు వాగుతున్నావు. టీ తాగినాక చానా హుషారుగా ఉన్నా. ఇందాక వరసగా అన్నీ ఎర్రటియ్యే వచ్చినయ్యి, వాటెనకాల ఇది తెల్లగా అగపడింది. కాయ ఒకటేనే. నేను ఎప్పుడూ ఒకటేనా ఏంది?”

అంటే గీతలు ఒకటే అయినా, ఎలక ఎప్పుడూ ఒకేలా ఉండదేమో! సంతోషం పట్టలేక మిరప చేత్తోనే కళ్ళు నులుముకున్నాను. ఆ తర్వాత గంటసేపు చూపు మీద పరిశోధన పూర్తిగా ఆగిపోయింది.

సోమవారం అందరికన్నా ముందు వెళ్ళి, ఎలక ఎప్పుడెంత పరిగెత్తిందో నమోదయ్యే, నేను అంతవరకూ తెరవని చక్రం రికార్డు తెరిచాను. ఎలక పరిగెత్తినప్పుడు టక్కులు ఎక్కువ, కునికినప్పుడు తక్కువ. గ్రాఫు సార్‌కి వెండి కాగితంతో సహా అన్నీ ఒప్పేసుకున్నాను.

“నువ్వు పాడు చేసిందేమీ లేదమ్మా,” అన్నారాయన. “ఆ కణానికి కంటి నుంచే కాదు, మెదడులో మిగతా చోట్ల నుంచి కూడా కబుర్లు వస్తుంటాయి. మెలకువ, పరుగు, అంతకుముందు చూసింది, అన్నీ కలుస్తాయి. అవన్నీ లెక్కేసినా ఇంకా కొంత తేడా మిగులుతుంది. అదెందుకో మాకూ పూర్తిగా తెలీదు. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఎందుకు కూర్చున్నావు?” ఒకడుగు వేసి వెనక్కి తిరిగారు. “ఆ కాగితం తీసెయ్. ఎవరైనా చపాతీలు వెతుక్కుంటారు.”

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

చుక్క పెట్టిన కాయ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. పెద్దమ్మ ఫోన్ చేస్తే నా క్షేమం కన్నా ముందు “మీ ఎలక ఇయ్యాల ఎట్టా ఉంది?” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా బల్లకు వెండి కాగితం చుడుతున్న అమ్మాయి గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. నాలుగు వారాలు ప్రతి వైరునూ పట్టి పట్టి చూసింది పిచ్చిది, ఎదురుగా ఉన్న ఎలకను ఒక్కసారైనా చూడలేదు.