షుగర్ లేని మనిషి కనిగిరి ప్రయాణం

కనిగిరి కొండమీది పాత కోట చూడాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఈసారి బయల్దేరడానికి మాత్రం కోట ఒక్కటే కారణం కాదు. ప్రయాణాల్లో నన్ను పట్టి పీడిస్తున్న ఒక మాయదారి దొంగని చేతికి చిక్కించుకోవడం అసలు పని.

సంగతేమిటంటే, ఏడాదిగా నేను ఏ ఊరు వెళ్ళినా పొద్దెక్కేసరికి ఒంటికి చెమటలు పడుతున్నాయి. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, పెదాలు తిమ్మిరెక్కుతాయి, ఎదుటివాళ్ళ మీద ఊరికే కోపం వస్తుంది. శ్రీశైలం బస్టాండులో అలాగే కూలబడి, కాసేపు ఎక్కడున్నానో కూడా తెలియకుండా పోయాను. ఒకరు గుండె అన్నారు, ఒకరు ఫిట్స్ అన్నారు, మా ఆడపడుచు దిష్టి అంది. గుండె పరీక్షలు బాగానే వచ్చాయి. షుగర్ పరీక్ష చేసినతను "షుగర్ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి" అని పంపించేశాడు. మా ఆయనకి ఆ నిశ్చింత చిక్కలేదు. "ఇంకొక్కసారి పడ్డావంటే నీ ప్రయాణాలకి ఇక సెలవు" అని తేల్చి చెప్పారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఊళ్ళు తిరగడం తప్ప నాకింకో సరదా లేదు. ఆ మాటకి నిజంగానే ఏడుపొచ్చింది.

చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. "షుగర్ లేదంటే షుగర్ జబ్బు లేదని అర్థం. రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవడం వేరే సంగతి. అరుదే కానీ, జబ్బు లేనివాళ్ళలోనూ కొందరికి అలా జరుగుతుంది. మీరు పరీక్షకి వచ్చేసరికి అది సర్దుకుని ఉంటుంది. చెమట, వణుకు లాంటి గుర్తులు కనిపించినప్పుడే చూడాలి. అప్పుడు చక్కెర తక్కువుండాలి, తీపి తిన్నాక గుర్తులు పోవాలి. ఈ మూడూ కలిస్తే అప్పుడు కారణం వెతుకుదాం" అన్నారు. వేలు పొడిచి చూసే మిషను కొనిపించారు. గుర్తులు రాగానే చూసి వెంటనే తీపి తినమన్నారు. ఎప్పటిలాగే వెళ్ళండి గానీ తోడు లేకుండా వద్దని కూడా చెప్పారు.

తోడుకి మస్తాన్‌బీ వచ్చింది. మా వీధిలో జాకెట్లు కుడుతుంది, నన్ను అక్కా అంటుంది, పుట్టిల్లు పొదిలి. రంజాను నెల కాబట్టి ఉపవాసం ఉంది. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉందట కదా అంటే, "నాకేం అక్కా, కూర్చునే ప్రయాణమేగా" అని కొట్టిపారేసింది. సాయంత్రం ఉపవాసం విడవడానికి చిన్న డబ్బాలో ఖర్జూరాలు సర్దుకుంది. మిషను కూడా తన సంచిలోనే పెట్టుకుంది.

గుంటూరులో పొద్దున్నే బయల్దేరే రైలు ఎక్కాం. టిక్కెట్టు చవక, కిటికీ సీటు దొరికితే ఆ దారి అందం వేరు. ఎడమవైపు కూర్చోండి, ఎండ పడుతుంది కానీ చూసేందుకు ఎక్కువుంటుంది. ఫిరంగిపురం దాటగానే కొండలు దగ్గరికొస్తాయి. నరసరావుపేట అవతల చేలల్లో పత్తి తీతలు అయిపోయి ఎండిన కట్టె నిలబడి ఉంది. దాని పక్కనే మిరప కల్లాలు. ఎకరాలకి ఎకరాలు నేలంతా ఎర్రగా పరిచారు. నెత్తిన తువ్వాళ్ళు, మూతులకి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆ ఎండలో, ఆ ఘాటులో రోజంతా వంగి ఏరేవాళ్ళని చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

వినుకొండలో దిగి బస్టాండుకి వచ్చాం. ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుండే కొండని తలెత్తి చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. నేను ఎప్పటిలాగే టిఫిను తినలేదు. ప్రయాణమంటే కడుపు ఖాళీగా ఉంచుకోవడం నా పాత అలవాటు. దారిలో మరుగుదొడ్ల సంగతి ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దాహానికి మాత్రం చెరుకురసం తాగాను, ఐసు వేయకుండా రెండు గ్లాసులు. "ఒట్టి తీపి తాగి ఎట్టా ఉంటావక్కా?" అంది మస్తాన్‌బీ. "నువ్వు అదీ తాగకుండా ఉన్నావుగా" అన్నాను. అంత తెలివిగా జవాబిచ్చానని మురిసిపోయాను కూడా.

దర్శి మీదుగా పొదిలి వెళ్ళే పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్ళం ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు ఇచ్చారు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ కార్డు మరిచిపోవద్దు. దారిలో బస్సు ఒకచోట ఆగిపోయి, బాగయ్యేసరికి చాలాసేపు పట్టింది. మళ్ళీ కదిలేటప్పటికి బస్సు నిండా మనుషులు, సీట్ల కింద కూరల సంచులు. మా ముందు సీట్లో మిరపకోతకి పోయి తిరిగొస్తున్న ఒకామె ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. పక్క సీట్లో తెల్లచొక్కా పెద్దాయన.

కురిచేడు దాటాక రోడ్డు పక్కన కల్లం నుంచి గాలి వీచింది. బస్సంతా తుమ్ములు, దగ్గులు. అందరికీ ఘాటు తగ్గాక నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. ఎవరిదో సంచి కాలికి తగిలిందని కసిరాను. మస్తాన్‌బీ కొంగు నా భుజం మీద పడిందని ఆమె మీదా విరుచుకుపడ్డాను. ఆమె నొచ్చుకోలేదు, నా ముఖంలోకి వంగి చూసింది. ఆ తర్వాత జరిగింది కొంత నాకు లీలగా గుర్తుంది, కొంత ఆమె చెప్పగా తెలిసింది.

"అక్కా, చెమటలు చూసుకో. చెయ్యి ఇటివ్వు."

"ఏం అక్కర్లేదు, నన్నొదిలెయ్!"

"ఘాటు పట్టిందిలేమ్మా, మొహం మీద నీళ్ళు కొట్టండి" అంది క్యారేజీ ఆమె.

మస్తాన్‌బీ ఆ మాట వినిపించుకోకుండా నా వేలు పట్టుకుని పొడిచింది. మిషన్లో డెబ్బైకి పైన ఉండాల్సింది నలభై తొమ్మిదే కనపడింది. వెంటనే ఖర్జూరాల డబ్బా తీసింది. అది చూసి పెద్దాయన ఉలిక్కిపడి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఆగమ్మాయ్! వేలు పొడిచి చూస్తన్నావు, షుగర్ మనిషికి ఖర్జూరం పెడతావా? చంపుతావా ఏంది?"

"ఈమెకి షుగర్ లేదు బాబాయ్!"

"లేకపోతే ఇంకేం! కంగారెందుకు? ఘాటే అయ్యుంటది" అని డబ్బా మూత మూయబోయాడు.

"అయ్యో, షుగర్ లేదు! అంటే అసలు లేదు! రక్తంలో అడుగంటి పోయింది. చెయ్యి తియ్యి బాబాయ్!"

బస్సంతా వినపడేలా అరిచిందట. రోజూ కుట్టు మిషను మీద వంచిన తల ఎత్తకుండా మాట్లాడే మనిషి. "అక్కా, నోరు తెరు. మింగగలవా?" అంది. తలూపాను. ఒక్కొక్కటే గింజ తీసి ఖర్జూరాలు నా నోట్లో పెట్టింది. మధ్యాహ్నం ఎండలో నోట్లో ఉమ్మి కూడా ఆరిపోయిన మనిషి, తన ఉపవాసం విడవడానికి దాచుకున్నవి ఆఖరిదాకా నాకే తినిపించింది.

కాసేపటికి వణుకు తగ్గింది. మసకబారిన బస్సు మెల్లగా తేటపడింది. డాక్టరమ్మ చెప్పినట్టు పావుగంట ఆగి మళ్ళీ పొడిస్తే అంకె ఎనభై దాటింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ దొరికాడు. ఇది ఫిట్స్ కాదు, దిష్టి కాదు, వయసు మీద పడి పనికిరాకుండా పోవడమూ కాదు.

"తీపి ఒక్కటే తింటే మళ్ళీ పడిపోద్దంట, అన్నం తినాలంట" అంది మస్తాన్‌బీ. ఆమె మాట పూర్తవకముందే ముందు సీటామె క్యారేజీ విప్పింది. మధ్యాహ్నం తినగా మిగిలిన పెరుగన్నం, గుడ్డు, పక్కన నిమ్మకాయ పచ్చడి.

"తినండమ్మా, ఏం అనుకోబాకండి. మేం చేలో పొద్దున ఒకసారి, పొద్దెక్కినాక ఒకసారి, మజ్జాన్నం ఒకసారి తింటాం. ఖాళీ కడుపుతో వంగితే ముందుకు పడతాం."

అంత రుచైన పెరుగన్నం నేను ఏ హోటల్లోనూ తినలేదు.

దర్శి బస్టాండులో పెద్దాయన దిగాడు. అక్కడితో ఆయన పని అయిపోయిందనుకున్నాం. బస్సు కదలబోతుంటే పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి ఒక పొట్లం మస్తాన్‌బీకి అందించాడు. ఖర్జూరాలు. "సాయంత్రం నీకుండాలిగా అమ్మాయ్. పొరబడ్డా, ఏమనుకోబాక" అన్నాడు. కండక్టరు అప్పటిదాకా విజిలు ఊదకుండా ఆగే ఉన్నాడు. మస్తాన్‌బీ కిటికీలోంచి చెయ్యి ఊపింది.

పొదిలిలో మస్తాన్‌బీ పుట్టింట్లో దిగాం. మసీదులో బాంగు వినపడగానే ఆ ఖర్జూరాలతోనే ఆమె ఉపవాసం విడిచింది. నాకు వేడి గంజి, పళ్ళ ముక్కలు, బొబ్బర గారెలు పెట్టారు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "బాగా పట్టుకున్నారు. కానీ ఇంటి మిషను అంకె ఒక ఆధారం మాత్రమే. వచ్చాక ల్యాబులో చూద్దాం, ఎందుకు పడుతోందో తేల్చుదాం. అందాకా ఖాళీ కడుపున చెరుకురసం వద్దు. కొంచెం కొంచెం, నిదానంగా అరిగేవి తినండి" అన్నారు. రోజంతా పచ్చి గంగ ముట్టని మస్తాన్‌బీకి ఏమీ కాలేదు, రెండు గ్లాసుల తీపి తాగిన నేను పడ్డాను. నా ఒంటి సంగతి కేవలం ఆకలి కాదని, ఉత్త తీపి ఎంత పైకి లేపుతుందో అంత కిందికీ పడేస్తుందని అప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దున ఇడ్లీలు, ఉడికిన గుడ్లు తిని మస్తాన్‌బీతో కనిగిరి బస్సెక్కాను. ఉపవాసంతో కొండ ఎక్కలేక మస్తాన్‌బీ కింద ఒక చెట్టు నీడన కూర్చుంది. నేను ఉడికించిన శనగల డబ్బా, నీళ్ళ సీసా పట్టుకుని పైకెక్కాను. ఎండ ముదరకముందే ఎక్కాలి, పైన నీడ తక్కువ. కూలిన బురుజులు, పగిలిన గోడలు, రాళ్ళ మధ్య నీటి గుంట, వాటి వెనక కనుచూపు మేరా మెట్ట చేలు. ఎవరో రాళ్ళు మోసుకొచ్చి ఇంత ఎత్తున గోడ కట్టారంటే ఒళ్ళు గగుర్పొడిచింది. మధ్యమధ్య కూర్చుని శనగలు నములుతూ, ఒక్కసారి కూడా తూలకుండా పైదాకా వెళ్ళాను. అక్కణ్ణుంచి మా ఆయనకి ఫోన్ చేసి బస్సులో జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన అంతా విన్నారు. "సరే, ముందు దిగు" అన్నారు. ఆ మాటలో ఏముందో నాకు తెలియలేదు, దారంతా గుబులుగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో వినుకొండ నుంచి రైల్లో ఎదురు సీట్లో ఒకావిడ కూర్చుంది. నేను డబ్బా విప్పి శనగలు తింటుంటే అడిగింది.

"షుగరా అండీ మీకు?"

లేదండీ అనబోయి ఆగాను. "అప్పుడప్పుడూ లేకుండా పోతుందండీ. అందుకే తింటున్నా."

"లేకపోతే మంచిదేగా!"

మస్తాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నరసరావుపేట వచ్చేదాకా ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. "మా చెల్లెలు ఇట్టాగే వణుకుద్దండి. షుగర్ లేదన్నారని దిష్టి తీయిస్తన్నాం" అని ఫోన్ తీసి, రైలు మోతలో గట్టిగా అరిచింది. "ఒసేయ్, నీకు షుగర్ లేదన్నారుగా! ఎప్పుడు చూశారే? వణికేటప్పుడు చూశారా?"

ఈ నేల కారానికి పేరు. నాకు మాత్రం ఈ రెండు రోజుల్లో మనుషులు తీసిచ్చిన నోటిముందు ముద్ద గుర్తుంటుంది. తన ఉపవాసపు ఖర్జూరం ఇచ్చిన మనిషి, కోత నుంచి వస్తూ క్యారేజీ విప్పిన మనిషి, పొరబడి పరిగెత్తుకొచ్చిన మనిషి. వాళ్ళ మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

గుంటూరు స్టేషనుకి మా ఆయన వచ్చారు. నా సంచి అందుకుని ముందు నడిచారు. ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నా శనగల డబ్బా కడిగి, నిండా కొత్త శనగలు పోసి, నా ప్రయాణాల సంచిలోనే పెట్టి ఉంది.