నర్సింలు మెయిల్ మీద ఎర్ర జెండా

ముప్పై ఎనిమిదేళ్లుగా డైరీ రాస్తున్నాను. వాటిలో దేవుడి పేరే అరుదు, దయ్యం పేరు ఒక్కచోటా లేదు. కళ్లతో చూసింది, చేత్తో చేసింది తప్ప రాయను. కిందిది కూడా ఆ డైరీల నుంచే ఎత్తి రాస్తున్నాను.

నేను రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై వనపర్తిలో ఉంటున్నాను. పాత ఉద్యోగులకు అర్జీలు రాసిపెడతాను. వాళ్ల ఉత్తరాలు నా కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాంకి వస్తాయి. జవాబివ్వాల్సిన దానికి ఎర్ర జెండా గుర్తు పెడతాను, ఆ సంగతి డైరీలో ఎక్కిస్తాను. జవాబు వెళ్లాక జెండా తీసేస్తాను.

మొన్న ఎండాకాలం ఒక ఉదయం ప్రోగ్రాం తెరిస్తే జెండాలు ఒక్కటీ లేవు. ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. డైరీ ప్రకారం ఇరవై మూడు జెండాలు ఉండాలి.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే సరితను పిలిచాను. ఉత్తరాల జాబితా దాచే చిన్న ఫైలు పాడైందని చెప్పింది. ప్రోగ్రాం మూసి, ఆ ఫైలును పక్కన పెట్టి మళ్లీ తెరిచింది. ప్రోగ్రాం ఉత్తరాలను, వాటి గుర్తులను చదివి తనంతట తానే కొత్త జాబితా కట్టుకుంది. జెండాలు వచ్చాయి. డైరీ పక్కన పెట్టుకుని లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

ఎక్కువైన జెండా నర్సింలు మెయిల్ మీద ఉంది. దానికి నేను ఎన్నడూ జెండా పెట్టలేదు.

"తప్పి నొక్కిన్రేమో సార్," అంది సరిత.

"నేను తప్పి నొక్కనమ్మా."

"అవ్ గద, మీరు తుమ్మినా డైరీల రాస్తరు," అని నవ్వింది.

ఆ మెయిల్ వచ్చిన రోజు డైరీ తీశాను. మూడేళ్ల కిందటి పేజీ. "నర్సింలు మెయిల్. చూశాను. జవాబు అక్కర్లేదు."

నర్సింలు మా ఆఫీసులో రికార్డు గది చూసేవాడు. ఒకసారి మా అధికారి ఒక ఊరి భూముల లెక్కలుండే పాత పహాణీ రిజిస్టరు తెమ్మని నాతో నోటిమాటగా అన్నాడు. పై అధికారిని రసీదు అడిగే అలవాటు మాకు లేదు. నేనే తీసుకెళ్లి ఆయన ఇంట్లో ఇచ్చాను. అది తిరిగి రాలేదు. విచారణలో నింద నర్సింలు మీద పడింది. నన్ను అడిగితే గుర్తులేదన్నాను. నా రిటైర్మెంటుకు పది నెలలే ఉంది. ఇచ్చిన రోజు డైరీలో మాత్రం స్పష్టంగా ఉంది: "రిజిస్టరు సార్ ఇంట్లో ఇచ్చాను. రసీదు లేదు."

నర్సింలు ఉద్యోగం పోయింది. సొంత ఊళ్లో రిజిస్టరు దొంగ అని పేరు పడింది. మెయిల్‌లో అతను అడిగింది ఒకటే: సార్, మీకు తెలిసింది ఒక కాగితం మీద రాసివ్వండి.

ఆ మెయిల్ వచ్చిన నాలుగు నెలలకు చనిపోయాడు. చూడటానికి కూడా నేను వెళ్లలేదు.

జెండా తీసేశాను. ప్రోగ్రాం మూసి తెరిస్తే మళ్లీ ఉంది. పాస్‌వర్డ్ మార్చాను. ఇంటర్నెట్ వైరు పీకేసి చూశాను. సరిత ఆ చిన్న ఫైలును ఇంకోసారి పక్కన పెట్టింది. ప్రతిసారీ ఇరవై నాలుగే. పాత పెన్‌డ్రైవ్‌లో నేను దాచుకున్న ఉత్తరాల నకలును ఆమె తన షాపులో తెరిచింది. అందులో ఆ మెయిల్ ఉంది, దాని మీద జెండా లేదు.

"నాకైతే సమజ్ అయితలేదు సార్. ఆ మెయిలే పీకేయుండ్రి, ఖతం," అంది.

దాన్ని తుడిచేయడానికి నాకు చేయి రాలేదు.

మర్నాడు డైరీ పేజీ నకలు తీసి, జరిగింది రాసి సంతకం చేసి, బిజినేపల్లి దగ్గరున్న వాళ్ల ఊరికి బస్సులో వెళ్లాను. నర్సింలు భార్య బాలమణి వాకిట్లో వేరుశనక్కాయలు వొలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. కాగితంలో ఏముందో చెప్పాను.

"ఆయన ఉన్నప్పుడు యాడ వెట్టినవ్ సారూ దీన్ని?"

నేను కాగితం ముందుకు చాపాను.

"సారు రాస్తడు, సారు డైరీల అన్నీ ఉంటయి అనుకుంటనే పోయిండు. నన్ను దొంగ పెండ్లామన్నోళ్లు ఇప్పుడిప్పుడే మర్శిపోతున్నరు. నువ్వు గిది నలుగురిల సదివి మల్ల యాదికి తేకు." కాగితం నా చేతిలోకి నెట్టింది. "అడిగింది ఆయన గద. ఆయనకే పంపు."

ఇంటికొచ్చి నర్సింలు మెయిల్‌కి జవాబు రాశాను. కాగితాన్ని జతచేసి పంపాను. మెయిల్ వెళ్లింది. అడ్రసు లేదని తిరిగి రాలేదు.

నర్సింలు మీది నింద చెరగాలంటే ఆ కాగితం ఆఫీసుకు వెళ్లాలి. అక్కడికి మాత్రం పంపలేదు. ఆమె వద్దన్నది కాబట్టి పంపలేదని డైరీలో రాసుకున్నాను. నా డైరీలో నేనే నమ్మని వాక్యం అదొక్కటే.

జవాబిచ్చాను కనుక పద్ధతి ప్రకారం జెండా తీశాను. పొద్దున్నే చూస్తే ఉంది. ఎందుకుందో సరిత చెప్పలేకపోయింది, నేనూ చెప్పలేను. ఇప్పుడు తీయడం మానేశాను. కొత్త అర్జీలు వస్తూనే ఉన్నాయి. వాటికి జెండాలు పెడుతున్నాను, తీస్తున్నాను. ఆ ఒక్కటి మాత్రం నా చేతిలో లేదు.