చిల్లు లేని కారు

నేను కట్టిన మొదటి కారు పడవలా ఉండేది. పోలిక కోసం అనడం లేదు. కొల్లేట్లో పడవలు చేసే మేస్త్రి దాని ఒళ్లు చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, తాడేపల్లిగూడెంలో మిలిటరీ విమానాల కోసం వేసిన రన్‌వే ఖాళీగా పడి ఉండేది. దాని మీద ధాన్యం ఆరబోసుకునేవారు, పక్కన గొర్రెలు మేసేవి. మిల్లుల వాళ్ల అబ్బాయిలు కొందరు అక్కడ కార్ల పందెం పెడతామన్నారు. కొత్త బండి పనికిరాదు, పాత సామానుతో ఎవరికి వారు కట్టుకున్నదే తేవాలి. నేనప్పుడే మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఏలూరులో ఇంటి పట్టున ఉన్నాను.

మా నాన్నగారు బడిలో లెక్కల మాస్టారు. నాకు ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం మాట్లాడి ఉంచారు. నాకేమో ఇంటి వెనక పెంకుల షెడ్డులో వర్క్‌షాపు పెట్టాలని. చాలాసార్లు వాదించుకున్నాక, ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే తేల్చారు.

"నీ కారు పందెం నెగ్గక్కర్లేదు. ఒకసారి బయల్దేరాక ఎవరూ తోయకుండా చివరిదాకా వస్తే షెడ్డు నీది. ఎవరు చెయ్యేసినా సోమవారం ఆఫీసుకి వెళ్లాలి. సరేనా?"

"సరేనండి," అన్నాను.

చాసిస్, ఇరుసులు, గేర్‌బాక్సు మిలిటరీ వాళ్లు వదిలేసిన జీపువి. ఇంజను, రేడియేటరు కైకలూరు నుంచి చేపలు మోసి మోసి మూలపడ్డ వ్యానువి. స్టీరింగు చింతలపూడి రోడ్డు పక్క గుంటలో పడిన బస్సుది. సీటు మూతపడిన టూరింగ్ టాకీసులోని బెంచీ. పెట్రోలు ట్యాంకు ఎక్కడా దొరక్క కిరసనాయిలు డబ్బాకి గొట్టం అతికించాను. సెల్ఫ్ స్టార్టరు దొరకనే లేదు. ఇంజను వేడెక్కితే చేపల వాసన వచ్చేది. వీధి కుక్కలకి నా మీద గౌరవం పెరిగింది.

రేకు పనివాళ్లు కుదరక, కారు ఒంటికి చెక్కే గతి అనుకుని కైకలూరు దగ్గర మేస్త్రి గారి ఇంటికి వెళ్లాను. కొల్లేటి చుట్టూ తనంత పనివాడు లేడని ఆయనే అందరికీ చెబుతుంటారు. నేను కొలతలతో గీసిన డ్రాయింగు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి దాని మీద చుట్టలు పెట్టుకున్నారు.

"ముందు భాగంలో ఇక్కడ చిల్లు కావాలండి. హ్యాండిల్ దూర్చి తిప్పితేనే ఇంజను స్టార్టవుతుంది," అన్నాను.

"ముక్కు దగ్గర చిల్లు పెడతారటండీ ఎవరైనా?"

"ఇది కారండి, పడవ కాదు."

"కారైతే మునగదా ఏంటండీ? ఏలూరు కాలవలో రెండు మునిగాయి. నేను చూశాను."

"పోనీ అడుగున చిన్నది..."

"బాబుగారూ, ఆ మాట ఇంకోసారి అనకండి. ఇంట్లో ఆడవాళ్లు వింటారు."

నేను మళ్లీ వెళ్లేసరికి పని పూర్తయింది. నీటి చుక్క దూరకుండా చెక్కల సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూశారు. ముక్కు ఎంత సన్నగా తీశారంటే రేడియేటరు అక్కడ పట్టలేదు. దాన్ని ఇంజను వెనక, పక్క సీటువాడి మోకాళ్ల ముందు బిగించాను. చిల్లు ఎక్కడా లేదు. అంటే బయల్దేరేటప్పుడు తోయించుకోవచ్చు గానీ, దారిలో ఇంజను ఆగిందంటే మళ్లీ తోయాల్సిందే. చిల్లు తొలిచే బర్మా పట్టుకుని ముక్కు ముందు కాసేపు కూర్చున్నాను కూడా. ఆ నునుపు చూసి చెయ్యి రాలేదు.

పందెం రోజు నాన్నగారు గొడుగుతో వచ్చి బండ్లు బయల్దేరే గీత దగ్గర నిలబడ్డారు. మేస్త్రి గారు వచ్చి నా పక్కన ఎక్కేశారు.

"నేను చేసింది మొదటిసారి కదిలితే అందులో నేనుండాలండి. బాగోకపోతే చేసినవాడే ముందు మునగాలి. మా పద్ధతి అంతే."

పక్క బండిలోని మిల్లు అబ్బాయి అడిగాడు. "ఏవండీ, తెడ్లు ఇంట్లో మర్చిపోయారా?"

"తాడు తెచ్చామండి, మీ బండి ఆగితే లాగడానికి," అన్నారు మేస్త్రి గారు.

రన్‌వే చివర పెట్టిన పీపాని చుట్టి మూడుసార్లు తిరిగి రావాలి. మొదటిసారి హాయిగా వచ్చాం. రెండోసారి పీపా దగ్గర తిరుగుతుంటే కాళ్లకి వేడి నీళ్లు తగిలాయి. రేడియేటరు కారుతోంది. వేరే కారైతే ఆ నీళ్లు అడుగు నుంచి నేల పాలయ్యేవి. మా కారులో చీలమండల దాకా నిలిచాయి. మేస్త్రి గారు కాళ్లు బెంచీ మీదికి లాక్కుని, ఖాళీ డబ్బా అందుకుని అలవాటు కొద్దీ నీళ్లు బయటికి తోడడం మొదలుపెట్టారు.

"బయట పొయ్యకండి," అని అరిచాను.

"లోపలికి నీళ్లొస్తే బయట పొయ్యక ఏం చేస్తారండీ?"

"అవి బయటి నుంచి రాలేదండి, మన రేడియేటరువే. అవి పోతే ఇంజను పట్టేస్తుంది."

డబ్బా గాల్లోనే ఆగింది. కారు ఆపి, ఇంజను మాత్రం ఆగకుండా పాదం యాక్సిలరేటరు మీదే ఉంచాను. ఆయన తలగుడ్డ తడిపి రేడియేటరు మూత మీద చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని మెల్లగా విప్పారు. ఆవిరి తగ్గాక తోడిన నీళ్లు కొంచెం కొంచెంగా పోశారు. కదిలాం. కారింది. మళ్లీ ఆపాం, మళ్లీ తోడాం. మిగతా బండ్లవాళ్లు పందెం ముగించి సోడాలు తాగుతూ మమ్మల్ని చూస్తున్నారు.

చివరిసారి గీత కనిపిస్తుండగా ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. కారు నడక వేగానికి దిగింది. మా వైపు బండి ఇబ్బంది పడుతుంటే చూస్తూ నిలబడడం మర్యాద కాదు. పది మందీ సోడాలు కింద పెట్టి, పంచెలు ఎగగట్టి, తోయడానికి పరిగెత్తుకొచ్చారు. నేను వద్దు వద్దంటున్నా ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

అప్పుడు నాన్నగారు గొడుగు మూసి, దాన్ని అడ్డంగా పట్టుకుని వాళ్లకి ఎదురెళ్లారు.

"ఎవరూ ముట్టుకోకండి. దానంతటదే రావాలి."

చెయ్యి చాచినవాళ్లు చాచినట్టే ఆగిపోయారు. ఆయన కారు పక్కనే గొడుగు అడ్డం పెట్టుకుని నడిచారు. కారు గీత దాటింది, ఒకసారి వణికి ఆగిపోయింది.

నాన్నగారు వంగి లోపలికి చూశారు. "ఈ నీళ్లు ఇందాకటి నుంచి మీరు తోడుతున్నవేనా? ఎక్కడికీ పోలేదే?"

"ఎలా పోతాయండీ?" అన్నారు మేస్త్రి గారు, నా వైపు చూస్తూ. "అబ్బాయిగారు చిల్లు పెట్టమన్నారు. నేను పడనిస్తేగా."

నాన్నగారు గొడుగు చంకలో పెట్టుకున్నారు. తర్వాత మేస్త్రి గారినే అడిగారు. "మా ఇంటి వెనక షెడ్డుకి తలుపులు ఊడిపోయాయండి. మీరు చేసిపెడతారా?"

"చేస్తానండి. కిటికీలు మాత్రం అడక్కండి."