పేర్లు మడిచి దిద్దించిన సారు

మా సైకాలజీ సారు పోయారు. మొన్న మధ్యాహ్నం నాతో బీఈడీ చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. మహబూబ్‌నగర్ దవాఖానలో వారం రోజులున్నారట, నాకు తెలియనే లేదు. ఆ పూట పాఠం చెప్పడం నా వల్ల కాలేదు.

సారు ప్రశ్న అడిగి, చేతులు వెనక్కి కట్టుకొని, జవాబు వచ్చేదాకా ఊరికే నిలబడేవారు. ప్రతి సోమవారం పుస్తకాలు మూయించి పోయిన వారం పాఠం మాతోనే చెప్పించేవారు. తడబడితే కోప్పడేవారు కాదు. "మర్శిపోవుడు తప్పు గాదు, మల్ల యాది చేసుకోకపోవుడే తప్పు" అనేవారు.

నేను సిద్ధాంతాలన్నీ గడగడా అప్పజెప్పేదాన్ని. తీరా కొత్తకోట దగ్గర ఒక ఊరి బడికి టీచింగ్ ప్రాక్టీసుకు పంపితే, ఆరో తరగతిలో తెలివైనవాళ్ళెవరో మొద్దులెవరో మొదటి వారంలోనే తేల్చేశాను. రోజూ ఆలస్యంగా, చింపిరి జుట్టుతో వచ్చే ఒక పిల్లను చివరి వరుసలో కూర్చోబెట్టాను. ఆమె తప్పు చెబితే నేననుకున్నదే కదా అనుకునేదాన్ని, సరిగ్గా చెబితే ఎవరో అందించారనుకునేదాన్ని.

ఒకరోజు వాళ్ళమ్మ వచ్చి, బిడ్డకు చదువొస్తదా, లేకుంటే తమతో పాటు పత్తి ఏరడానికి వలస తీసుకుపోవాలా అని అడిగింది. ధ్యాస లేదమ్మా అని చెప్పి పంపేశాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు రోజులకు సారు నా క్లాసు చూడటానికి వచ్చారు. పిల్లల పరీక్ష పేపర్ల మీద పేర్లన్నీ తానే వెనక్కి మడిచి, గుండుసూదులు గుచ్చి, దిద్దమన్నారు. దిద్దాక విప్పి చూస్తే ఎక్కువ మార్కులు వచ్చిన పేపరు ఆ పిల్లది. పక్కపిల్లను చూసి రాసిందేమో సార్ అన్నాను.

"గా పక్కపిల్లకెన్ని వచ్చినయమ్మా?"

సగం కూడా రాలేదు.

"మనసు ఒకటి అనుకున్నదంటే కండ్లు దానికే సాక్ష్యాలు తెస్తయి. నాకు గూడ గంతే, అందుకే గీ గుండుసూదులు" అన్నారు సారు.

అప్పుడు తల్లి సంగతి చెప్పేశాను. వాళ్ళ ప్రయాణం ఆ సాయంత్రమే. సారు వెంటనే స్కూటర్ తీశారు. మేము వెళ్ళేసరికి మూటలు అరుగు మీదికి చేరాయి, ఊళ్ళోనే ఉండిపోయే పిల్ల అవ్వ వాటి పక్కన కూర్చొని ఉంది. నా తరఫున సారే చెబుతారనుకున్నాను. ఆయన దూరంగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"తప్పు నాదమ్మా. నీ బిడ్డ మంచిగ చదువుతది. బడి మాన్పించకు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. సారు వైపు చూడలేదు. తర్వాత అరుగు మీద కూర్చొని ఒక మూట ముడి విప్పింది. పిల్ల బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసి, దులిపి, అవ్వ ఒళ్ళో పెట్టింది.