మా సంఘం సంతకం పెట్టని తీర్మానం

కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఉండనీ. అది లేకపోతే మా బిడ్డ చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయేది.

శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీద మా ఊరి స్టేజీ. బస్సు దిగి ఊళ్లోకి రావాలంటే బండరాళ్ల పక్క నుంచే దారి. సాయంత్రమైతే బెల్టు షాపు సీసాలతో మగాళ్లు ఆ బండల మీద చేరేవాళ్లు. ఒకనాడు మా బిడ్డ చున్నీ పట్టి గుంజారు. “ఇగ కాలేజి బంద్,” అన్నాడు మా ఆయన. పోట్లాడితే, “సర్కారు సార్లు ఏమంటే గదే,” అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను బయలుదేరాను.

ఠాణాలో బెల్టు షాపు సంగతి ఎక్సైజ్ వాళ్లు చూడాలన్నారు. వాళ్లు పంచాయతీని చూపించారు. పంచాయతీ వాళ్లేమో, బండల దగ్గర చీకటి, స్తంభానికి లైటు బుగ్గ లేదు, కరెంటాఫీసుకు పొమ్మన్నారు. నలుగురినీ ఒక్క గదిలో కూర్చోబెట్టేదాకా తిరిగాను.

కూర్చున్నారు, చాయ్ తాగారు, ఒక్కమాట మీదికి వచ్చారు. ఆడపిల్లలు నాలుగింటికల్లా ఇల్లు చేరాలట, రేపే డప్పు చాటింపట. పొదుపు సంఘం లీడర్‌నని సంతకానికి రిజిస్టరు నా ముందుకు జరిపారు. కాలేజీ విడిచేదే నాలుగున్నరకు. నాకు ఒళ్లు మండింది.

“తాగెటోళ్లకు టైం వెట్టుండ్రి సార్, మా పిల్లలకు గాదు,” అని లేచి వచ్చేశాను.

మా సంఘం వారానికోసారి మా అరుగు మీద కూర్చునేది. ఆనాటి నుంచి రోజూ ఐదింటికే బండల మీద కూర్చుంది. సీసా పట్టుకుని వచ్చిన వాళ్లలో మా మరిది కూడా ఉన్నాడు.

“ఇంటికి పోరాదు వదినె,” అని నసిగాడు.

“నువ్వే కూసో. నీ సీసా నడుమల వెట్టు, అందరం జూస్తం,” అన్నాను. మళ్లీ రాలేదు.

నాలుగో రోజు ఎస్సై, పంచాయతీ సెక్రటరీ రిజిస్టరుతో బండల దగ్గరికే వచ్చారు. సంఘం సంతకం లేనిదే తీర్మానం పైకి పోదట. ఇంతలో బస్సు వచ్చింది, మా బిడ్డ దిగింది. వాళ్ల ముందరే దాన్ని అడిగాను.

“రేపు కాలేజికి పోతవా?”

“పోత,” అంది.

“గది రాయుండ్రి సార్. షాపు ఎవలు బంద్ జేస్తరో, బుగ్గ ఎవలు వెడ్తరో గది గూడ రాయుండ్రి. గప్పుడు సంతకం జేస్త.”

సెక్రటరీ ఎస్సై మొహం చూశాడు. తర్వాత బండ మీద రిజిస్టరు పెట్టుకుని, పాత తీర్మానం కొట్టేసి, వంగి రాశాడు.